వాడకట్టు పిలగాడి కోసం ఎదురుచూపు: స్పైడర్‌మ్యాన్ కొత్త సినిమా మీది ఆశకు వెనకటి కథ

2021 డిసెంబర్ 16న మన దేశంలో విడుదలైన ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ ఒక ఇరుకైన కిరాయి గదిలో ముగుస్తుంది. స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రాడు పీటర్ పార్కర్‌ను సాకిన పెద్దమ్మ మే చనిపోయింది. తనెవరో లోకంలో ఒక్కరికీ గుర్తుండకూడదన్న మంత్రానికి పీటర్ పార్కర్ తానే ఒప్పుకున్నాడు. ప్రేమించిన అమ్మాయి కౌంటర్ అవతల నిలబడి కాఫీ ఇచ్చింది గానీ గుర్తుపట్టలేదు. బయట మంచు కురుస్తుంటే, తానే కుట్టుకున్న ఎరుపు, నీలం దుస్తులు తొడుక్కుని ఆ కుర్రాడు ఒంటరిగా నగరం మీదికి దూకుతాడు. ఆ తరువాతి కథను ‘స్పైడర్‌మ్యాన్: బ్రాండ్ న్యూ డే’ పేరుతో తెస్తున్నట్టు, దానికి 2026 జూలై 31ని విడుదల తేదీగా పెట్టుకున్నట్టు సోనీ సంస్థ ప్రకటించిన నాటి నుంచి, పాలమూరులోనూ నల్లగొండలోనూ ఈ పాత్ర మీద మనసున్న వాళ్లు మాట్లాడుకునే మాటల్లో నాకు ఎక్కువగా వినబడిన కోరిక ఒక్కటే: ఆ కిరాయి గది పోవద్దు. ఇంకా పెద్ద విలన్ కావాలనో, ఇంకో నాలుగు లోకాలు చూపించాలనో అడిగేవాళ్లు లేరని కాదు గానీ, వాళ్లు తక్కువ. ఈ కోరిక ఇక్కడ ఇంత గట్టిగా ఎందుకుందో తెలియాలంటే అరవై ఏళ్లకు పైగా వెనక్కి పోవాలి, నడుమ మన ఊళ్లలోనూ కొంతసేపు ఆగాలి.

స్టాన్ లీ రాతతో, స్టీవ్ డిట్కో బొమ్మలతో, 1962 ఆగస్టు నెల పేరు వేసుకుని వచ్చిన ‘అమేజింగ్ ఫ్యాంటసీ’ 15వ సంచికలో ఈ పాత్ర పుట్టింది. సాలెపురుగంటేనే జనానికి ఏవగింపు అనీ, ఈడు రాని పిల్లవాడు వీరుడి పక్కన తోడుగా ఉండాలే తప్ప తానే వీరుడు కాకూడదనీ ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్ అడ్డు చెప్పాడని, ఎలాగూ మూతపడబోతున్న పత్రిక గనక పోతే పోయిందని అందులో వేశారని లీ తరువాతి కాలంలో చెప్పుకొచ్చాడు. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ వేరే గ్రహం వాడు; 1939 నాటి బ్యాట్‌మ్యాన్ ఆగర్భ శ్రీమంతుడు. పీటర్ మాత్రం న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో బెన్, మే అనే దంపతుల పంచన పెరిగిన తల్లిదండ్రులు లేని పిల్లవాడు. కామిక్ కథల ప్రకారం బెన్ పీటర్ తండ్రికి అన్న, అంటే పెద్దనాయన. ఇంగ్లిష్‌లోని ‘అంకుల్’ అన్న మాటకు ఆ వరస తెలియదు గానీ, తెలుగులో వరస కలవగానే కథ మన ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది. బలం రాగానే పీటర్ చేసిన మొదటి పని నలుగురినీ కాపాడటం కాదు, డబ్బు కోసం కుస్తీకి దిగటం, టీవీలో ప్రదర్శనలివ్వటం. కళ్ల ముందు నుంచే ఉరుకుతున్న దొంగను నాకెందుకులే అని వదిలేశాడు. ఆ దొంగే తరువాత పెద్దనాయనను చంపాడు. శక్తి వెంట బాధ్యత కూడా రావాలన్న ప్రసిద్ధమైన మాటను మనం బెన్ నోట విన్నట్టే గుర్తుంచుకున్నాం గానీ, ఆ మొదటి కథలో అది బెన్ అన్నది కాదు. చివరి బొమ్మలో కథకుడి మాటగా మాత్రమే ఉంది.

ఇటువంటి వీరుడు ఈ ప్రాంతానికి కొత్త కాదు. పాలమూరులో పండుగ సాయన్న పాటను ఇప్పటికీ పాడతారు. ఉన్నోళ్ల సొమ్ము దోచి, కరువులో మాడుతున్న ఊళ్లకు పంచిపెట్టిన మనిషిగా ఆ పాట అతన్ని నిలబెడుతుంది. అతనికి మాయలూ మంత్రాలూ లేవు, జనమే అతనికి దాపు. వెండితెర మీది వీరుడి సంగతి వేరు. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు మద్రాసు వెళ్లి, విఠలాచార్య చిత్రాలతో సహా ఎన్నో జానపదాలలో నటించి ‘కత్తి కాంతారావు’ అనిపించుకున్నాడు. నల్లగొండ జిల్లా పాత తరం వాళ్లు ఆ సంగతిని ఇప్పటికీ సొంత చుట్టం గురించి చెప్పినట్టే చెబుతారు. అయితే జానపద వీరుడు ఎక్కడ తిరిగినా చివరికి రాజకుమారుడుగానో రాజుకు అల్లుడుగానో తేలేవాడు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన తెలుగు ‘సూపర్‌మ్యాన్’లో శక్తి ఆంజనేయుడి అనుగ్రహం. 2024 సంక్రాంతికి వచ్చి ఘనవిజయం పొందిన ‘హను-మాన్’లోనూ శక్తి ఆంజనేయుడి రక్తబిందువు నుంచి ఏర్పడిన మణిదే. నా లెక్కలో మనకు రెండు రకాల వీరులున్నారు: వరం పొందినవాడు ఒకడు, వాడకట్టులోంచి లేచినవాడు ఇంకొకడు. మన సినిమా మొదటివాడినే ఎక్కువ నమ్ముకుంది. రెండోవాడు పాటలో మిగిలాడు, లేదంటే డబ్బింగ్ సినిమాలో వచ్చాడు.

ఆ డబ్బింగ్ సినిమా రావటానికి పట్టిన కాలమూ తక్కువది కాదు. 1985లో క్యానన్ అనే సంస్థ ఈ పాత్ర సినిమా హక్కులను ఐదేళ్లకు 2,25,000 డాలర్లకు కొన్నది. సాలీడు మనిషంటే ఏదో భూతం కథ అనుకుని, ఎనిమిది చేతుల రాక్షసాకారంగా మారిపోయే యువకుడి కథను వాళ్లు రాయించుకున్నారు. ఆ తరువాత హక్కులు కారోల్కో అనే మరో సంస్థ చేతికి వెళ్లాయి, దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఒక కథారూపం రాసిపెట్టాడు, కారోల్కో దివాలా తీసింది, 1996 చివరలో ఈ కామిక్‌లు వేసే మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది, ఎవరి హక్కు ఎంతన్నది కోర్టులకెక్కింది. ఆ చిక్కుముడి విడి 1999లో హక్కులు సోనీ వారి కొలంబియాకు దక్కాయి. నిర్ణీత గడువులోగా కొత్త సినిమా తీయకపోతే హక్కులు తిరిగి మార్వెల్‌కు పోతాయన్న షరతు ఆ ఒప్పందంలో ఉంది. పాత కథ చల్లారకముందే కొత్త నటుడితో మళ్లీ మొదలుపెట్టటానికి ఆ షరతు ఒత్తిడి కూడా ఒక కారణం.

శామ్ రైమీ తీసిన మొదటి ‘స్పైడర్‌మ్యాన్’ 2002 మేలో అమెరికాలో విడుదలై, మొదటి వారాంతంలోనే పది కోట్ల డాలర్లు దాటిన తొలి చిత్రంగా నిలిచింది. మన దేశంలో ఇంగ్లిష్‌తో పాటు హిందీ, తమిళం, తెలుగు భాషల్లో వచ్చింది. అప్పటికి ఇంకా ఉపగ్రహం ద్వారా సినిమా పంపే పద్ధతి లేదు. రీళ్ల డబ్బాలు ముందు హైదరాబాదులో ఆడి, అక్కడ అరిగిన తరువాత జిల్లా కేంద్రాలకు, ఆ తరువాత చిన్న పట్నాలకు దిగేవి. నేను చూసిన ప్రింటు మా పట్నానికి వచ్చేసరికి తెర మీద వాన గీతలు పడుతున్నాయి. అయినా ఆట విడిచాక సైకిల్ స్టాండులో ఒక్క పిల్లవాడూ నిలకడగా లేడు. అందరూ అరచేతులు చాచి, నడిమి రెండు వేళ్లూ మడిచి ఒకరి మీదికి ఒకరు లేని దారం విసురుకుంటున్నారు. టోకెన్లు చూసే ముసలాయన ‘ఏం వచ్చిందిరా మీకు’ అని కసురుకోవటం నాకింకా గుర్తు. డిట్కో గీసిన కథలో ఆ దారం పీటర్ సొంతంగా తయారు చేసుకున్న యంత్రంలోంచి వస్తుంది. రైమీ, కామెరాన్ ఆలోచనను తీసుకుని, దాన్ని ఒంట్లోంచే రప్పించాడు. కామిక్ చదివినవాళ్లకు అది అపచారంగా తోచింది గానీ సైకిల్ స్టాండులో ఎవరికీ ఆ పట్టింపు లేదు.

ఈ ప్రాంతపు ప్రేక్షకుల మనసులో పాత్రను స్థిరంగా నాటింది మాత్రం 2004లో వచ్చిన రెండో భాగం. అందులో పీటర్ పిజ్జాలు మోసే ఉద్యోగం ఊడగొట్టుకుంటాడు, గది కిరాయి బాకీపడి ఇంటి యజమాని కంటపడకుండా తిరుగుతాడు. పుట్టినరోజు నాడు మే, తన ఇల్లే బ్యాంకు వశమయ్యే దశలో ఉండి కూడా, ఇరవై డాలర్ల నోటు అతని చేతిలో పెడుతుంది. వద్దంటే తీసుకొమ్మని అరుస్తుంది, అరిచినందుకు మళ్లీ తానే ఏడుస్తుంది. దసరా దాటగానే తల్లిదండ్రులు గుంపు మేస్త్రీ వెంట పుణెకో ముంబైకో వెళ్లిపోతే, అవ్వ దగ్గరో చిన్నమ్మ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉండి చదువుకున్న పిల్లలు నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఎందరో ఉన్నారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినబడిన జిల్లా ఇది. కొంగు ముడి విప్పి, వద్దన్నా వినకుండా జేబులో నోటు కుక్కిన అవ్వను ఎరిగినవాళ్లకు ఆ ఇరవై డాలర్ల సన్నివేశానికి అనువాదం అక్కరలేదు. అదే సినిమాలో రైలును ఆపి స్పృహతప్పిన పీటర్‌ను ప్రయాణికులు తలల మీదుగా చేతులు మార్చుకుంటూ లోపలికి చేర్చి, ముసుగు లేని ముఖం చూసి ‘పిల్లవాడే’ అనుకుని, ఆ రహస్యాన్ని తమలోనే దాచుకుంటారు. సాయన్నకు జనం దాపయిన తీరుకు ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర లేదు.

2007 నాటి మూడో భాగం, 2012, 2014లలో ఆండ్రూ గార్‌ఫీల్డ్‌తో వచ్చిన రెండు చిత్రాలు ఇక్కడా ఆడాయి గానీ అంత లోతుగా దిగలేదు. 2015 ఫిబ్రవరిలో సోనీ, మార్వెల్ రాజీకి వచ్చి పాత్రను పంచుకోవటంతో టామ్ హాలండ్ వచ్చాడు. 2017 నుంచి అతనివే సొంత చిత్రాలు. తగువు అంతటితో తీరలేదు. 2019 ఆగస్టులో ఒప్పందం తెగి, సెప్టెంబర్‌లో మళ్లీ అతికింది. ఈ కాలపు చిత్రాల మీద పాత అభిమానులకున్న ఫిర్యాదు న్యాయమైనదేనని నా అభిప్రాయం. కుర్రాడు హుషారైనవాడే, నటన చక్కగానే ఉంది. కానీ దుస్తులు మొదలుకొని మాట్లాడే కృత్రిమ మేధ దాకా అన్నీ టోనీ స్టార్క్ అనే కుబేరుడు ఇచ్చినవే అయినప్పుడు, వాడకట్టు పిలగాడు దొరగారి పెంపుడు కొడుకైపోయాడు. ‘నో వే హోమ్’ చివర్లో అవన్నీ ఊడిపోయి సూదీ దారమూ చేతికి రావటం వల్లనే ఆ ముగింపు ఇంతమందికి నచ్చింది. అదే సినిమాలో పాత నటులతో సహా ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఒకే తెర మీదికి వచ్చినప్పుడు హాలు దద్దరిల్లిన మాట నిజమే, అయితే ఆ అరుపులు ఆ పూటకే.

పాత్రను తమ నేలకు తెచ్చుకునే ప్రయత్నాలు లేకపోలేదు. జపాన్‌లో తోయే సంస్థ 1978లో దీన్ని టీవీ ధారావాహికగా తీసి, వీరుడికి ఒక పెద్ద మరమనిషిని కూడా అంటగట్టింది. మన దగ్గర 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ కలిసి పవిత్ర్ ప్రభాకర్ అనే పాత్రను మలిచారు. పల్లె నుంచి స్కాలర్‌షిప్ మీద ముంబైకి చదువుకు వచ్చి, భీమ్, మాయ దంపతుల దగ్గర ఉండే ఈ ధోతీ కట్టిన కుర్రాడిది పాలమూరు బస్సులు ఎరిగిన తోవే. కాకపోతే అతనికీ శక్తి ఒక యోగి ఇచ్చిన వరమే, మళ్లీ అదే దారి. 2023 యానిమేషన్ చిత్రం ‘అక్రాస్ ది స్పైడర్‌వర్స్’లో కనిపించే పవిత్ర్‌కు అన్నీ తేలిగ్గా అబ్బుతాయి, పల్లె జాడ అందులో లేదు.

ఇక భాష సంగతి. డబ్బింగ్ మాట రాయటం కష్టమైన పని. ప, బ, మ పలికే చోట తెర మీది పెదవులు మూసుకోవాలి, క్రియ చివర వచ్చే మన వాక్యం ఇంగ్లిష్ వాక్యం ముగిసేలోపు ముగియాలి. ఆ ఇరుకులో మాట బిగుసుకుపోయి, ఎవరూ మాట్లాడని పుస్తకాల తెలుగు తయారవుతుంది. 2018 నాటి ‘అవెంజర్స్’ సినిమాలోని విలన్ థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఇచ్చినప్పుడు ఆ గాంభీర్యం రాక్షసుడికి సరిపోయింది. క్వీన్స్ కుర్రాడికి అది సరిపోదు. చిత్రమేమిటంటే, ఈ వీరుడి ముసుగు నోటిని పూర్తిగా కప్పేస్తుంది. ముసుగు ఉన్నంతసేపూ పెదవుల లెక్కే లేదు, మాట రాసేవాడికి అంతకన్నా స్వేచ్ఛ ఏం కావాలి? ఒకప్పుడు విలన్లకూ హాస్యగాళ్లకూ విడిచిపెట్టిన తెలంగాణ మాట 2017లో ‘ఫిదా’లో నాయిక నోట పలికింది, 2023లో ‘బలగం’లో ఇంటిల్లిపాదీ మాట్లాడింది. ఆ కాలం దాటి వచ్చిన ప్రేక్షకులు, ఇంగ్లిష్‌లో ‘నేబర్‌హుడ్’ అన్న చోట తమ ‘వాడకట్టు’ ఒక్కసారన్నా వినబడాలని అడగటం అత్యాశ కాదు.

భయం కూడా లేకపోలేదు. కొత్త సినిమా పేరు కామిక్ చరిత్రలోంచి వచ్చింది. 2007 చివర్లో, చావుబతుకుల్లో ఉన్న మే ప్రాణం కాపాడుకోవటానికి పీటర్, అతని భార్య మేరీ జేన్ తమ పెళ్లినే ఒక పిశాచ శక్తికి ధారపోస్తారు. 2008లో ఇదే పేరుతో మొదలైన కథల్లో అతను మళ్లీ పెళ్లికాని, చేతిలో డబ్బులేని కుర్రాడు. ఇరవై ఏళ్ల కాపురాన్ని ఒక్క మంత్రంతో చెరిపేశారని పాఠకులు మండిపడ్డారు. సినిమాలోని మరపు అటువంటిది కాదు, అతను తెలిసి చెల్లించిన మూల్యం. కొత్త కథ ఆ తరువాత నాలుగేళ్లకు జరుగుతుందని ప్రకటించారు. మార్వెల్ వారి వేరే వీరులైన హల్క్, పనిషర్ పాత్రలు కూడా ఉంటాయని చెప్పారు. దర్శకుడు డెస్టిన్ డేనియల్ క్రెటన్. ఇంతమంది పెద్దవాళ్లు వచ్చిపడితే ఆ గదిలో చోటుంటుందా అన్నదే అభిమానుల గుబులు.

అమ్మానాన్నలు పుణెలో పనిచేస్తుంటే నారాయణపేటలో డిగ్రీ చదువుతున్న ఒక తెలిసిన పిల్లవాడితో ఈమధ్య ఇదే మాట వచ్చింది. హల్క్ గురించి గానీ విలన్ గురించి గానీ అతనేమీ అడగలేదు. కాసేపు ఆలోచించి, ‘అందరు మర్చిపోయిన్రు గదన్నా, ఆధార్ కార్డసుంటిది కూడ ఏం పనికిరాదు. మరి ఆ రూం ఎవరిచ్చిన్రు? నాలుగేండ్ల సంది కిరాయి ఎట్ల కడ్తున్నడు?’ అన్నాడు.