ఈ-సిగరెట్‌లో కారే రెండు ద్రవాలు

ఈ-సిగరెట్‌లోంచి కారే ద్రవాలు రెండుంటాయి, వాటికి ఒకదానితో ఒకటి పోలికే లేదు. పైన ట్యాంకులో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్ కలిపిన జిడ్డు ద్రవం. కింద బ్యాటరీ లోపల ఉండేది ఎలక్ట్రోలైట్, అంటే ఇట్టే అంటుకునే ద్రావకాల్లో కరిగించిన లిథియం లవణం. మొదటిది చేతికి అంటితే వెంటనే కడుక్కోవాలి, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. రెండోది బయటికొచ్చిందంటే ఆ సెల్ పని అయిపోయినట్టే, దాన్ని మళ్ళీ ఛార్జింగ్‌కి పెట్టకండి.

ట్యాంకు కారితే చాలామంది తుడిచేసి వాడేస్తుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ జిడ్డు మెల్లగా కిందికి దిగి ట్యాంకు, బ్యాటరీ కలిసే చోట చేరి లోహాన్ని పాడుచేస్తుంది. బటన్ లేకుండా పీలిస్తే పనిచేసే రకాల్లో అయితే లోపలి సెన్సర్ మీద పడి, ఎవరూ పీల్చకపోయినా కాయిల్ (ద్రవాన్ని ఆవిరి చేసే తీగచుట్ట) దానంతటదే వేడెక్కుతూ ఉండిపోవచ్చు.

ఇక కరెంటు సంగతి. సెల్ మార్చుకునే పరికరాల్లో ఎక్కువగా కనిపించేది 18650 రకం, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు. అంతేగా అని తీసిపారేయకండి. 0.2 ఓమ్‌ల నిరోధం ఉన్న కాయిల్ పెడితే అది 21 ఆంపియర్లు లాగుతుంది, మన ఇళ్ళలో గీజర్‌కి పెట్టే పెద్ద ప్లగ్గే 16 ఆంపియర్లది! షాక్ కొట్టదు గానీ, సెల్‌ని వేడెక్కించేది ఆ ఆంపియర్లే. పైగా సెల్ డబ్బా మొత్తం నెగటివ్, పాజిటివ్ పైనున్న చిన్న మూత మాత్రమే, రెండిటికీ మధ్య అడ్డు ఒక రింగు, పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు చిరిగినా, విడి సెల్‌ని తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకున్నా షార్ట్ కావచ్చు. లోపల సుమారు 130 డిగ్రీలు దాటితే పొరల మధ్య ఉండే సెపరేటర్ కరిగిపోతుంది, ఆ తర్వాత వేడి తనంతట తానే పెరుగుతూ పోతుంది, పుట్టిన గ్యాసుకి దారి లేకపోతే గొట్టంలాంటి ఆ పరికరం రాకెట్‌లా దూసుకెళ్తుంది.

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2009 నుంచి 2016 దాకా వార్తల్లోకెక్కిన, ఈ-సిగరెట్లు పేలిన లేదా అంటుకున్న 195 ఘటనలు లెక్కగట్టింది. వాటిలో 61 జేబులో ఉండగా జరిగినవే. మన దేశంలో 2019 చట్టం వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించింది, కాబట్టి దొంగచాటుగా దొరికే వాటిలో సెల్ ఎలాంటిదో, రక్షణ సర్క్యూట్ అసలుందో లేదో చెప్పే నాథుడు లేడు.

పేలితే మంట ఒక్కటే కాదు. సియాటిల్‌లోని ఒక ఆసుపత్రి డాక్టర్లు 2016లో రాసిన నివేదిక ప్రకారం వాళ్ళు చూసిన 15 మంది బాధితుల్లో మూడో వంతు మందికి రసాయనాల వల్ల కాలిన గాయాలున్నాయి. ఆ లిథియం లవణానికి తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుట్టొచ్చు, అది చర్మం లోపలికి దిగి కండని తినేస్తుంది. అందుకే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బ్యాటరీ పేలిందని చెప్పండి, అప్పుడు గాయాన్ని ముందు పీహెచ్ కాగితంతో (ఆమ్లమో క్షారమో చెప్పే కాగితం) పరీక్షించి, ఏం చేయాలో వాళ్ళు తేల్చుకుంటారు.