మొదటి మాత్ర ఎవరు మింగుతారు?

ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో రోగుల ఇంటివాళ్లు అడిగే మాట ఒకటుంది: “కొత్త మందేమైనా వచ్చిందా సార్?” పాత మాత్రలతో ఒళ్లు పెరిగి, చేతులు వణుకుతున్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారు. కొత్త మందుపై పరీక్షలు మొదలయ్యాయని చదివితే వాళ్లకు ప్రాణం లేచివస్తుంది. అయితే తొలి దశ పరీక్ష ప్రధానంగా జబ్బు తగ్గుతుందా అని చూసేది కాదు. ఒళ్లు ఎంత మోతాదు తట్టుకుంటుంది, మందు రక్తంలో ఎంతసేపు నిలుస్తుంది అన్నదే చూస్తారు. చాలాసార్లు ఆ మాత్ర మింగేది ఏ జబ్బూ లేనివాళ్లే.

మొదటి మోతాదుకు ఒక లెక్క ఉంది. కిలో బరువుకు 62 మిల్లీగ్రాములు ఇచ్చినా ఎలుకకు హాని కలగలేదనుకుందాం. శరీర ఉపరితలం తేడానుబట్టి దాన్ని 6.2తో భాగిస్తే 10. భద్రత కోసం మరో పది రెట్లు తగ్గిస్తే 1. అంటే 60 కిలోల మనిషికి 60 మిల్లీగ్రాములు మించకుండా మొదలుపెట్టాలి.

మెదడు మందులకు ఇంకో చిక్కుంది. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు వాడే చాలా మందులు, మెదడులో డోపమైన్ అనే రసాయనం వచ్చి అతుక్కునే చోట్లను (గ్రాహకాలను) సుమారు 65 శాతం అడ్డుకుంటే గుణం కనిపిస్తుంది, 80 శాతం దాటితే ఒళ్లు బిగుసుకుపోయే ముప్పు పెరుగుతుంది. ఆ శాతాన్ని మెదడు లోపల జరిగేది బొమ్మగా చూపే పెట్ స్కాన్‌లో చూస్తారు. ‘డోసు పెంచితే తొందరగా తగ్గుతుంది’ అనే నమ్మకం అక్కడ నిలవదు.

లెక్క సరిపోయినంత మాత్రాన ధైర్యం చాలదు. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో, నొప్పి, ఆందోళన వంటి సమస్యలకు పనికొస్తుందనుకున్న మందును పరీక్షించారు. ఒకేసారి 100 మిల్లీగ్రాములు ఇచ్చినా ఏమీ కాలేదు. రోజూ 50 చొప్పున తీసుకున్న ఆరుగురిలో ఒకరు ఐదో మోతాదు తర్వాత ఆసుపత్రి పాలయ్యారు. అయినా మర్నాడు మిగిలిన ఐదుగురికీ ఆరో మోతాదు ఇచ్చారు. మొదట జబ్బుపడిన వ్యక్తి చనిపోయాడు. ఆ ఒక్కపూట ఆగకపోవడాన్ని నేను క్షమించలేను.

మన దేశంలో మందుల పరీక్షలపై 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం వివరాల పత్రం అర్థమయ్యే భాషలో ఉండాలి. నిస్సహాయ స్థితిలో ఉన్నవారిపై కొత్త రసాయనాన్ని పరీక్షిస్తే సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. నిబంధన మంచిదే. కానీ కనిగిరి నుంచి రోగి వెంట వచ్చిన మేనమామ “మీరెలా చెబితే అలాగే సార్, సంతకం ఎక్కడ?” అంటే కెమెరా ఏం చేయగలదు? ముందుగా ఆయన తెలుసుకోవలసింది ఒకటుంది: మన దేశంలో ఇలాంటి పరీక్షలను 2009 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఫోనులో వెతికినా దొరుకుతుంది, ఏ దశ పరీక్షో అందులో రాసి ఉంటుంది.