కొత్తపట్నం ఒడ్డున సొరల లెక్క

నికోల్ అని పేరు పెట్టిన ఒక ఆడ సొర ఉండేది. గ్రేట్ వైట్ అంటారే, ఆ జాతిది. 2003 నవంబరులో దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్ తీరంలో శాస్త్రవేత్తలు దాని వీపు రెక్క దగ్గర శాటిలైట్ ట్యాగ్ బిగించారు. అది 99 రోజుల్లో హిందూ మహాసముద్రం దాటి, దాదాపు 11,000 కిలోమీటర్లు ఈది ఆస్ట్రేలియా పడమటి తీరానికి చేరింది. ట్యాగ్ అక్కడే ఊడి, పైకి తేలి, సమాచారం పంపింది. మరుసటి ఆగస్టులో నికోల్ మళ్లీ గాన్స్‌బాయ్‌లో కనబడింది. ట్యాగ్ లేకపోయినా ఇది అదేనని ఎలా చెప్పారు? వీపు రెక్క వెనక అంచున గాట్లుంటాయి. ఒక సొరకున్న వరస ఇంకోదానికి ఉండదు. పాత ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోయాయి.

ఆ ఫొటోల పని ఎంత ఓపికతో కూడినదో అదే గాన్స్‌బాయ్‌లో వాలంటీరుగా ఉన్నప్పుడు తెలిసింది నాకు. పొద్దున్నే క్లైన్‌బాయ్ రేవు నుంచి డయ్యర్ ద్వీపం వైపు పడవ బయలుదేరుతుంది. లంగరు వేశాక చేపముక్కలు, చేపనూనె కలిపిన నీళ్లు సముద్రంలోకి వదులుతారు. ఆ నీచువాసన వెంట సొరలు వస్తాయి. పడవ పక్కన కట్టిన ఇనప బోనులోకి టూరిస్టులు దిగి, ఊపిరి బిగబట్టి తల ముంచి చూస్తారు. వాలంటీరు మాత్రం పైనే ఉండి రాస్తూ ఉంటాడు. ఎన్ని గంటలకి వచ్చింది, నీళ్ల చలి ఎంత, తేట ఎంత, బోను పొడవుతో పోలిస్తే సొర పొడవు ఎంత, ఆడదా మగదా, ఒంటి మీద గాయాలున్నాయా. మగదాన్ని పోల్చడం తేలికే. పొట్ట కింద రెక్కల లోపలి అంచున దానికి రెండు సన్నని అవయవాలుంటాయి.

ఇలా ఏళ్ల తరబడి రాసిన కాగితాల విలువ 2017లో బయటపడింది. ఆ ఏడాది పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేరున్న రెండు ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అంటారే, అవి) అక్కడి గ్రేట్ వైట్‌లని చంపి కార్జాలు తినేశాయి. సొరకి మిగతా చేపల్లా గాలితిత్తి ఉండదు. నూనె నిండిన పెద్ద కార్జమే దాని బరువుని తేలిక చేస్తుంది, ఓర్కాలకి కావలసింది కూడా ఆ కొవ్వే. ఆ తర్వాత గ్రేట్ వైట్‌లు ఆ తీరం వదిలిపోయాయి. నేనున్నప్పుడు మాకు ఎక్కువగా కనిపించినవి రాగి రంగు బ్రాంజ్ వేలర్ సొరలే. పాత రికార్డు లేకపోతే "ఈ మధ్య పెద్దగా రావడం లేదు" అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయేవాళ్లు.

మన దగ్గర ఆగిపోయింది సరిగ్గా అక్కడే. ఒంగోలు పక్కన కొత్తపట్నం ఒడ్డున, ఫైబర్ బోటులోంచి వల దులుపుతున్న బాబాయ్ నాతో అన్నాడు: "మా నాయన కాలంలో మనిషంత సొరలు పడేవమ్మా. ఇప్పుడన్నీ ఇట్టాంటి పిల్లకాయలే."

ఆయన చేతిలో ఉన్నది పాల సొర, మూరెడు కూడా లేదు. దాని ముక్కు కింద చిన్నచిన్న రంధ్రాలు. వేలితో నొక్కితే వాటిలోంచి తెల్లటి జిగురు ఉబికింది.

"ఇదేందో చీము అనుకున్నా ఇన్నాళ్లు" అన్నాడు బాబాయ్.

చీము కాదు. 1678లో లోరెంజీని అనే ఇటలీ వైద్యుడు ఈ రంధ్రాల గురించి వివరంగా రాశాడు. అవి ఎందుకున్నాయో తేలడానికి మాత్రం 20వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. ప్రతి ప్రాణి కండరాల నుంచీ నీళ్లలోకి సన్నని కరెంటు పాకుతుంది. జిగురు నిండిన ఈ గొట్టాలు దాన్ని పసిగడతాయి. సెంటీమీటరుకి వోల్టులో వంద కోట్లో వంతు లెక్కన కొలవాల్సినంత సన్నని తేడా కూడా వాటికి తెలుస్తుంది. ఇసకలో దాక్కున్న చేపని సొర కళ్లతో చూడకుండానే పట్టేది అందుకే. ఇనుము ఉప్పునీళ్లలో ఉంటే దానికీ కొద్దిగా కరెంటు పుడుతుంది. సొరలు బోనుకి ముక్కు ఆనించడం చూసి జనం కేకలు పెడతారు కానీ, చాలాసార్లు అది దాడి కాదు, ఆరా తీయడం.

సొరపిల్లని వెల్లకిలా తిప్పమన్నాను. ముందు రెక్కల మధ్య పొట్ట మీద చిన్న చీలిక, ఇంకా పచ్చిగానే ఉంది. అది బొడ్డు. పాల సొర గుడ్లు పెట్టదు. తల్లి కడుపులో మావి, బొడ్డుతాడుతో పెరిగి పిల్లగా పుడుతుంది. పుట్టిన కొద్ది వారాల్లో ఆ చీలిక పూడిపోతుంది. పచ్చిగా ఉందంటే ఇది పుట్టి ఎక్కువ రోజులు కాలేదు, పుట్టింది కూడా ఈ చుట్టుపక్కలే. అలాంటివి ఒకే చోట మళ్లీ మళ్లీ పడుతుంటే, అక్కడ తల్లి సొరలు ఈనుతున్నాయని అర్థం.

ఇది చిన్న సంగతి కాదు. కవళ్లు (సార్డీన్ చేపలు) వేలకి వేలు గుడ్లు పెడతాయి, పాల సొర ఒక్కో కాన్పుకి ఎనిమిది పిల్లలకి మించదు. గ్రేట్ వైట్ ఆడదానికైతే అట్లాంటిక్‌లో చేసిన అధ్యయనం ప్రకారం ఈనే వయసు రావడానికే 33 ఏళ్లు పడుతుంది. ఇంత నెమ్మదిగా పెరిగే సంతతి వేటని తట్టుకోలేదు. నడి సముద్రాల్లో తిరిగే సొరలు, టేకు చేపలు (రే చేపలు) 1970 నుంచి 2018 లోపల 71 శాతం తగ్గాయని 2021లో లెక్క తేలింది.

బాలింతలకి సొర పిట్టు వండిపెట్టే ఇళ్లు మావి. సొర తినొద్దని నేను చెప్పను. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపుతున్నాం కదా, సొరలు ఈనే నెలలూ ఈనే చోట్లూ తెలిస్తే ఆ కాస్త మేర వల వేయకుండా ఉండొచ్చు, అంతే. దీనికి బోనూ శాటిలైటూ అక్కర్లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు రేవుల్లో నమూనాలు తీస్తూనే ఉంటారు, కానీ ప్రతి ఒడ్డునా ప్రతి రోజూ ఉండలేరు. ఒంగోలు, కావలి కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలు ఒక టేపూ ఒక నోటుబుక్కూ పట్టుకుని వేలంపాట మొదలయ్యేలోపు ఒడ్డుకి వస్తే చాలు. ఏ జాతి, ఎంత పొడవు, ఆడా మగా, బొడ్డు పచ్చిదా పూడిందా అన్నవి వాళ్లే చూసి రాసుకుంటారు. ఎన్ని బారల లోతులో పడిందో మాత్రం బాబాయ్‌లాంటి వాళ్లే చెప్పాలి.