విలేకరి మీద దాడులు: మా మండలాల్లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

అపోహ: చంపేది, కొట్టేది పట్నంలో పేరున్న జర్నలిస్టులనే. మండల విలేకరిని ఎవడు పట్టించుకుంటడు?

వాస్తవం: ములుగు జిల్లా వెంకటాపురం దాటితే అడవి, ఆ అడవి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. అక్కడి విలేకరి ముకేశ్ చంద్రాకర్ ఓ రోడ్డు పనిలో అక్రమాలను బయటపెట్టారు. 2025 జనవరి 3న ఆయన శవం కాంట్రాక్టర్ స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. పైన కొత్తగా కాంక్రీటు పోశారు. పట్నం ఎడిటర్‌కు లాయరుంటాడు. మా దగ్గర విలేకరీ, ఇసుక లారీల ఓనరూ పొద్దున ఒకే హోటల్లో చాయ్ తాగుతారు.

అపోహ: పాత రోజుల్లో ఇవన్నీ లేవు.

వాస్తవం: 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపినవాళ్లు ఆయన చెయ్యి కూడా నరికారు.

అపోహ: విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే అక్రెడిటేషన్ కార్డు ఉంటేనే రాసే హక్కు.

వాస్తవం: కార్డు బస్సులో రాయితీకి పనికొస్తుంది. రాజ్యాంగంలో 'పత్రికా స్వేచ్ఛ' అన్న మాటే లేదు. అది ఆర్టికల్ 19(1)(ఎ)లోని భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 1950లో రమేశ్ థాపర్ కేసులోనే తేల్చింది. అంటే విలేకరిగా నాకున్న హక్కు ఉపాధి కూలీకీ ఉంది.

అపోహ: విలేకరుల రక్షణకు చట్టం వస్తే చాలు.

వాస్తవం: రావాలి, కాదనను. మహారాష్ట్ర 2017లో తెచ్చింది. ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023లో బిల్లు ఆమోదించింది. ముకేశ్‌ది ఆ రాష్ట్రమే. ఇక పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ మందలించగలదు, శిక్ష వేయలేదు. టీవీ దాని పరిధిలోకే రాదు.

అపోహ: విలేకరులంటే వసూళ్ల బ్యాచ్, నాలుగు తగిలితే తప్పేంది?

వాస్తవం: వసూళ్లు చేసేవాళ్లు ఉన్నారు. నేను చూసినంతలో వాళ్లను కొట్టరు, పైసలిచ్చి పంపిస్తారు. దెబ్బలు పడేది తీసుకోనోడికే. జీతం లేని కంట్రిబ్యూటర్‌కు యాడ్స్ టార్గెట్ పెట్టి, ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల దగ్గరికే పంపే యాజమాన్యాలను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అపోహ: ఒంటిమీద చెయ్యి పడితేనే దాడి.

వాస్తవం: ఇరవై ఏళ్లలో నన్ను కొట్టింది ఒక్కసారే. ఫోన్లకు లెక్కలేదు. ఇసుక మీద నేను రాసిన వార్త మొదటి భాగం అచ్చయిన రోజు ఒకటి వచ్చింది. "అన్నా, మంచిగున్నవా? పాప ఏ బడికి పోతున్నది?" అంతే. తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఫిర్యాదులో రాయడానికి మాట దొరకలేదు. రెండో భాగం నేను రాయలేదు. సిగ్గుగానే చెప్తున్నా.

ఇప్పుడైతే కొత్త పిల్లలకు ఇలా చెప్తాను: ఫోన్ పెట్టేయగానే తేదీ, టైము, నంబరు, అన్న మాట అన్నట్టుగా రాసి డెస్కుకు పంపండి. బెదిరింపు కూడా నేరమే, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. అన్నిటికన్నా ముందు, మీ దగ్గరున్న కాగితాలు పోటీ పత్రికల విలేకరులకూ ఇచ్చేయండి. నేను రాయని ఆ రెండో భాగం అలాగే బయటికొచ్చింది, నాలుగు పత్రికల్లో, ఒకే పొద్దున. ఎవరి పిల్లల బడి అడగాలో ఆ ఫోన్ చేసినాయనకు తోచినట్టు లేదు.