అడ్డంగా తగిలిన బుల్లెట్

మొన్న ఆదివారం ఇక్కడ బెంగళూరులో, మేం ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో, ఒక అనంతపురం తమ్ముడు టార్గెట్ కాగితం పట్టుకొచ్చాడు. "అన్నా, గుండ్రంగా పడాల్సిన చిల్లు ఇలా పొడుగ్గా చిరిగిందేంటి?" అన్నాడు. రైఫిల్ మామూలు .22నే (అంటే దాదాపు 0.22 అంగుళాల వ్యాసమున్న బుల్లెట్లు కాల్చేది), కానీ వాడింది ఎప్పుడూ వాడే 40 గ్రెయిన్ల బుల్లెట్ కాదు, 60 గ్రెయిన్లది (గ్రెయిన్ అంటే బుల్లెట్ల బరువుకు వాడే చిన్న కొలత). బరువెక్కువుంటే గాలికి చెదరదని ఎవరో చెప్పారట. తన చెయ్యి వణికిందేమోనని టెన్షన్ పడుతున్నాడు గానీ తప్పు చేతిది కాదు, బుల్లెట్ పల్టీలు కొడుతూ వెళ్లి కాగితానికి అడ్డంగా తగిలింది.

బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. వాటిని ఒరుసుకుంటూ వచ్చే బుల్లెట్ బొంగరంలా తిరగడం మొదలుపెడుతుంది. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు పూర్తవుతుందో అదే ట్విస్ట్ రేట్. .22కి సాధారణంగా 1:16, అంటే 16 అంగుళాలకు ఒక చుట్టు. సెకనుకు 330 మీటర్ల వేగంతో బయటికొస్తే సెకనుకు 800 చుట్ల పైమాటే!

అంత ఎందుకు తిరగాలంటే, ఎదురుగాలి తోపు బుల్లెట్ బరువు కేంద్రం దగ్గర కాకుండా ఇంకాస్త ముందు, ముక్కు వైపు పడుతుంది, దాంతో ముక్కు పక్కకు తిరిగిపోవాలని చూస్తుంది. ఆ తిరుగుడే దాన్ని ఆపుతుంది. బుల్లెట్ పొడవు పెరిగేకొద్దీ ఆపడం కష్టమవుతుంది. అందుకే అందరూ బరువు బరువు అంటారు గానీ అసలు చూడాల్సింది పొడవు. వ్యాసం మారదు కాబట్టి బరువు పెంచాలంటే పొడవు పెంచాల్సిందే, అంతే. సీసం బదులు రాగితో చేస్తే, రాగి తేలిక కనుక, అదే బరువుకు బుల్లెట్ ఇంకా పొడుగవుతుంది.

ఎంత పొడవు బుల్లెట్‌కి ఎంత ట్విస్ట్ కావాలో తేల్చడానికి 1879లోనే ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ అనే గణిత అధ్యాపకుడు ఒక సులువైన లెక్క ఇచ్చాడు: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగించాలి. 5.7 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. పొడవున్న .22 బుల్లెట్‌కి వేసి చూడండి, 406 మి.మీ. వస్తుంది, సరిగ్గా 16 అంగుళాలు! నాకు ఈ లెక్క చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది. పొడవు 18 మి.మీ. చేస్తే 271 మి.మీ.కి పడిపోతుంది, అంటే 11 అంగుళాల లోపే ఒక చుట్టు కావాలి. తమ్ముడి బుల్లెట్‌కి తక్కువైంది ఆ తిరుగుడే.

అలాగని ట్విస్ట్ మరీ బిగిస్తే, అంటే మరీ తక్కువ అంగుళాలకే ఒక చుట్టు తిరిగేలా చేస్తే, బుల్లెట్ తయారీలోని చిన్న లోపం కూడా పెద్దదవుతుంది.

గాలి చిక్కదనం కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో తొలి ఎం-16 రైఫిళ్ల ట్విస్ట్ 1:14 ఉండేది. గడ్డకట్టే చలిలో, చిక్కటి గాలిలో బుల్లెట్లు తూలుతుంటే 1960ల్లో 1:12 చేశారు. తర్వాత పొడవైన బుల్లెట్లొచ్చాక 1:7 చేశారు. మనకు అంత తేడా ఉండదు గానీ, సముద్ర మట్టానికి 900 మీటర్ల పైనున్న బెంగళూరులో గాలి పీడనం చెన్నై కంటే దాదాపు 10 శాతం తక్కువ. అంచు మీదున్న బుల్లెట్ ఇక్కడ నిలబడి అక్కడ తూలొచ్చు.

మీ బ్యారెల్ ట్విస్ట్ తెలియకపోతే కొలవడం తేలికే. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, పిడి తనంతట తాను తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి తోయండి, రాడ్ మీద పెట్టిన గుర్తు ఒక చుట్టు తిరిగేసరికి ఎంత లోపలికి పోయిందో అదే ట్విస్ట్. తమ్ముడిది కొలిస్తే 16 అంగుళాలొచ్చింది. 40 గ్రెయిన్లవి వేసి మళ్లీ కాల్చాడు, పది చిల్లులూ గుండ్రంగా పడ్డాయి.