క్లినికల్ సైకాలజీ డాక్టరేట్: ఖర్చుకూ గుర్తింపుకూ మధ్య ఎనిమిది దశాబ్దాల ముడి

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ బెంజి సర్కిల్ పరిసరాల్లోనో విదేశీ విద్య కన్సల్టెన్సీకి వెళ్లిన కుటుంబం, అమ్మాయి సైకాలజీలో పీజీ పూర్తి చేసి క్లినికల్ సైకాలజీలో, అంటే మానసిక సమస్యలను పరీక్షించి చికిత్స చేసే శాస్త్రంలో, డాక్టరేట్ చేస్తానంటే, సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తుంది. మొత్తం ఖర్చు ఎంతవుతుందన్నది మొదటిది. ఆ కోర్సుకు గుర్తింపు ఉందా అన్నది రెండవది. మొదటి ప్రశ్న మీద గంటసేపు మాట్లాడి, రెండవదానికి ‘ఉంది’ అన్న ఒక్క మాటతో తృప్తిపడి లేచి వచ్చేవారే ఎక్కువ. ఈ వృత్తి చరిత్రను చూస్తే ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలుగా పుట్టలేదని తెలుస్తుంది. చదువుకు డబ్బు పెట్టినవారు తమ డబ్బు ఎలాంటి చోటికి పోతున్నదో తెలుసుకోదలచినప్పుడే గుర్తింపు అనే ఏర్పాటు పుట్టింది. ఆ ఖర్చు ప్రభుత్వం చేతి నుంచి విద్యార్థి ఇంటికి బదిలీ అయిన కొద్దీ ఆ ప్రశ్నను గట్టిగా అడగవలసిన భారం కూడా ఇంటి మీదనే పడింది.

ఈ ఏర్పాటుకు మూలం రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి అమెరికాలో ఉంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులలో మానసిక వైద్యం అవసరమైనవారు లెక్కకు మించి ఉన్నారు. మాజీ సైనికుల ఆసుపత్రులలో సగానికి పైగా పడకలు వారితోనే నిండిపోయాయి. ఆ ఆసుపత్రులను నడిపే వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ 1946లో విశ్వవిద్యాలయాలతో కలిసి, తన ఖర్చుతో క్లినికల్ సైకాలజిస్టులను తయారుచేసే పథకం మొదలుపెట్టి, ఆ ఉద్యోగానికి డాక్టరేట్ ఉండాలని నిర్ణయించింది. అప్పుడు సహజంగానే ఒక చిక్కు ఎదురైంది. ఏ విశ్వవిద్యాలయంలో ఈ శిక్షణ సరిగా ఉన్నదో చెప్పేవారెవరు? ఆ ప్రశ్నను ప్రభుత్వ సంస్థలు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ముందు, అంటే ఏపీఏ ముందు పెట్టాయి. శిక్షణలో ఏమేమి ఉండాలో డేవిడ్ షాకో నాయకత్వంలోని సంఘం 1947లో నివేదిక ఇచ్చింది. ఏడాది పాటు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్న నియమానికి ఆ నివేదికే ఆధారం. మరుసటి ఏడాది నుంచి ఏపీఏ గుర్తింపు పొందిన విభాగాల జాబితాలు వెలువడసాగాయి. 1949 వేసవిలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణంలో సుమారు 70 మంది రెండు వారాలు కూర్చుని, క్లినికల్ సైకాలజిస్టు ఏకకాలంలో పరిశోధకుడిగానూ చికిత్సకుడిగానూ తయారు కావాలని తీర్మానించారు. నేటికీ పీహెచ్‌డీ నమూనా అదే.

బౌల్డర్ నమూనాలో ఖర్చు సంగతి ప్రత్యేకంగా గమనించదగినది. పరిశోధన ప్రధానమైన విశ్వవిద్యాలయం కొద్దిమందినే చేర్చుకుంటుంది, ఫీజు మాఫీ చేస్తుంది, బోధనలోనో ప్రాజెక్టులోనో సహాయకులుగా పనిచేసినందుకు స్టైపెండ్ ఇస్తుంది. అందువల్ల సీట్లు తక్కువ, పోటీ తీవ్రం. ఏడాదికి పది మందిని కూడా తీసుకోని విభాగానికి వందల దరఖాస్తులు రావడం సాధారణం. పరిశోధన మీద ఆసక్తి లేక రోగులకు సేవ చేయాలని మాత్రమే కోరుకునేవారికి ఈ దారి ఇరుకైపోయింది. ఆ లోటును తీర్చడానికే డాక్టర్ ఆఫ్ సైకాలజీ, వాడుకలో సైడీ అనే పట్టా వచ్చింది. 1968లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పీటర్సన్ ఆధ్వర్యంలో మొదలైన ఈ పట్టాను 1973లో కొలరాడోలోనే వెయిల్ పట్టణంలో జరిగిన సైకాలజిస్టుల సమావేశం ఆమోదించింది. ఇంతలోనే, 1969లో, విశ్వవిద్యాలయంతో సంబంధం లేకుండా సొంతంగా నడిచే వృత్తి విద్యా సంస్థ కాలిఫోర్నియాలో వెలిసింది. అక్కడి నుంచి ఆర్థిక లెక్క తలకిందులైంది. పరిశోధన నిధులు లేని సంస్థకు ఫీజే ఆధారం, ఫీజు పెరగాలంటే సీట్లు పెరగాలి.

సైడీ పట్టాను తక్కువ చేసి చూడడం నా ఉద్దేశం కాదు. మంచి శిక్షణ ఇచ్చే సైడీ విభాగాలు ఎన్నో ఉన్నాయి, ఏపీఏ గుర్తింపు రెండు పట్టాలకూ ఒకే ప్రమాణం మీద వస్తుంది. అయితే సీట్లు పెరిగినంత వేగంగా ఇంటర్న్‌షిప్ స్థానాలు పెరగలేదు. 2010 తరువాతి తొలి సంవత్సరాలలో ఇంటర్న్‌షిప్ స్థానాలు కేటాయించే దేశవ్యాప్త ఎంపికలో పాల్గొన్నవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా తొలి దశలో స్థానం దొరకని పరిస్థితి వచ్చింది. ఇంటర్న్‌షిప్ లేనిదే పట్టా లేదు. ఒక ఏడాది ఆగడమంటే ఆ ఏడాది అప్పు మీద వడ్డీ కూడా కలవడమే.

గుర్తింపు ఉన్నంత మాత్రాన సంస్థ ఆర్థికంగా నిలబడుతుందని భరోసా లేదని 2019 మార్చిలో మూతపడిన ఆర్గోసీ విశ్వవిద్యాలయం చూపింది. దాని క్యాంపస్‌లలో ఏపీఏ గుర్తింపు ఉన్న సైడీ కోర్సులు నడిచేవి. విద్యార్థులకు చెల్లించవలసిన ప్రభుత్వ విద్యా సహాయంలో దాదాపు 1.3 కోట్ల డాలర్లు వారికి అందలేదని తేలడంతో ప్రభుత్వం నిధులు ఆపివేసింది, కొద్ది రోజులలోనే తలుపులు మూతపడ్డాయి. చదువు మధ్యలో ఉన్నవారు మరో సంస్థను వెతుక్కోవలసి వచ్చింది.

మన ప్రాంతం నుంచి వెళ్లే విద్యార్థికి ఈ చరిత్రలో మరొక మెలిక ఉంది. ఈ వృత్తికి ఊపిరి పోసిన మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థే నేటికీ అమెరికాలో సైకాలజీ ఇంటర్న్‌షిప్‌లకు అతి పెద్ద వేదిక. కానీ అందులో శిక్షణకు అమెరికా పౌరసత్వం ఉండాలి. అంటే వీసా మీద చదివేవారికి ఇంటర్న్‌షిప్ పోటీ మొదటి నుంచీ చిన్న వలయంలో జరుగుతుంది. ఇక అప్పు సంగతి. బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ఇంటి కాగితాలో స్థలం కాగితాలో అడుగుతాయి. ఉదాహరణకు 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుంటే, చదువు సాగుతున్న కాలంలోనే ఏటా 4 లక్షల 40 వేలు పేరుకుంటుంది. ఐదేళ్లకు 22 లక్షలు. ఈ లెక్క వేసుకోకుండా కేవలం ఏడాది ఫీజును చూసి నిర్ణయం తీసుకున్న తల్లిదండ్రుల ఆందోళన నన్ను బాధిస్తుంది, ఎందుకంటే ముందుగా చూడదగిన పత్రం అందుబాటులోనే ఉంది. ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రతి డాక్టరేట్ విభాగమూ తన విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తి చేశారో, ఎంతమంది మధ్యలో మానేశారో, ఎంతమందికి గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ దొరికిందో, ఎంతమంది లైసెన్స్ పొందారో, ఏడాదికి ఎంత ఖర్చో బహిరంగంగా ప్రకటించి తీరాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే డాక్టరేట్లకు ఏపీఏ గుర్తింపు ఇవ్వదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మన దేశంలో కథ మరో విధంగా నడిచినా, మొదటి అధ్యాయం దాదాపు అదే. దేశ ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక, దేశం మొత్తానికి మానసిక ఆసుపత్రులలో సుమారు 10 వేల పడకలే ఉన్నాయని చెప్పి, శిక్షణ సంస్థ కావాలని కోరింది. ఆ సూచన ఫలితంగా 1954లో బెంగళూరులో డాక్టర్ ఎం.వి. గోవిందస్వామి తొలి డైరెక్టరుగా ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఏర్పడింది. 1974లో అదే నిమ్‌హాన్స్ అయింది. 1955లో అక్కడ మొదలైన రెండేళ్ల వైద్య మనోవిజ్ఞాన డిప్లొమా, 1960లలో రాంచీలో మొదలైన అలాంటి కోర్సు కాలక్రమంలో పీజీ తరువాత చేసే ఎంఫిల్‌గా మారాయి. ప్రభుత్వమే ఖర్చు భరించిన ఆ కాలంలో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి, నాణ్యత గురించి విద్యార్థికి అనుమానం అక్కరలేదు. ఇక్కడ వృత్తికి ఆధారమైన పట్టా డాక్టరేట్ కాకుండా ఎంఫిల్ కావడం తరువాతి గందరగోళానికి బీజం వేసింది.

రెండవ అధ్యాయం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాతో, అంటే ఆర్‌సీఐతో మొదలైంది. 1986లో సొసైటీగా పుట్టిన ఈ సంస్థకు 1992 చట్టం అధికారాలు ఇచ్చింది. ఆ చట్టం 1993 జూన్‌లో అమలులోకి వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టును వినికిడి నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయుల సరసన పునరావాస నిపుణులలో ఒకరిగా చేర్చి, కేంద్ర రిజిస్టరులో పేరు లేనిదే ప్రాక్టీసు చేయకూడదని, చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ అని ఆ చట్టం చెప్పింది. విశ్వవిద్యాలయాలు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమైన యూజీసీ కింద, ఆసుపత్రులు ఆరోగ్య శాఖ కింద, ఈ రిజిస్టరు మాత్రం సామాజిక న్యాయ శాఖ కింద ఉండడం వల్ల, ఒకే విద్యార్థి మూడు కార్యాలయాల భాష నేర్చుకోవలసి వచ్చింది. అభ్యర్థుల నోట ‘సీఆర్‌ఆర్ నంబరు’ అని వినిపించేది ఈ రిజిస్టరు సంఖ్యే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన నిర్వచనంలో క్లినికల్ సైకాలజిస్టు అంటే ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థలో అర్హత పొందినవారని, లేదా పర్యవేక్షణలో చికిత్సా శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ చేసినవారని స్పష్టం చేయడంతో ఈ నంబరు విలువ మరింత పెరిగింది.

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే రహదారి పొడవునా కనిపించే హోర్డింగుల మీద విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గ్రేడులు, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు పెద్ద అక్షరాలతో ఉంటాయి. న్యాక్ చెప్పేది విశ్వవిద్యాలయం గురించి. ఆర్‌సీఐ చెప్పేది ఫలానా సంస్థలోని ఫలానా కోర్సు గురించి. సీఆర్‌ఆర్ నంబరు చెప్పేది ఒక మనిషి గురించి. మొదటిది ఎంత మెరుగ్గా ఉన్నా అది రెండవదానికి బదులు కాదు. ఇంకా కష్టమైన సంగతి ఏమిటంటే, అన్నిటికన్నా చవకైన దారి వృత్తి అర్హత దగ్గరకు చేర్చదు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం సాధించి సైకాలజీలో పీహెచ్‌డీ చేసే విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు వస్తాయి, అంటే చదువే జీతం ఇస్తుంది. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు, అధ్యాపక ఉద్యోగానికి అర్హత వస్తుంది. కానీ ఆర్‌సీఐ ఆమోదం ఉన్న చికిత్సా శిక్షణ విడిగా లేకపోతే క్లినికల్ సైకాలజిస్టుగా బోర్డు పెట్టుకునే హక్కు రాదు. పరిశోధకులుగా, అధ్యాపకులుగా స్థిరపడదలచినవారికి ఇది ఉత్తమమైన దారి, అందులో సందేహం లేదు. రోగిని చూడాలన్న కోరికతో అందులో చేరినవారికి ఐదారేళ్ల తరువాత ఈ విషయం తెలియడం మాత్రం అన్యాయం.

ఈ మధ్య కాలంలో నేల మరింత కదిలింది. 2020 జాతీయ విద్యా విధానం ఎంఫిల్‌ను వద్దంది, 2022 నవంబరులో యూజీసీ నిబంధనలు దానిని తొలగించాయి. మానసిక వైద్యానికి నిపుణులు కరవవుతారన్న ఆందోళనతో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్ ప్రవేశాలకు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు యూజీసీ వెసులుబాటు ఇచ్చింది. మరోవైపు ఆర్‌సీఐ నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్, ఎంఏ, సైడీ కోర్సులతో కొత్త నిచ్చెన వేసింది. 2025లో యూజీసీ దూరవిద్య, ఆన్‌లైన్ విధానాలలో సైకాలజీ ప్రవేశాలను నిలిపివేయమన్నది. ఉద్యోగం చేసుకుంటూనో, పెళ్లి తరువాతనో దూరవిద్యలో సైకాలజీ చదివినవారు మన రెండు నగరాలలో ఎందరో ఉన్నారు. వారికి ఇప్పుడు డాక్టరేట్ అంటే పూర్తికాలం ఇల్లు, ఉద్యోగం వదిలి వెళ్లడమే. ఫీజు కన్నా ఆగిపోయే ఆదాయమే వారి అసలు ఖర్చు.

ఎంఫిల్ తలుపు మూసుకునే కొద్దీ ఒత్తిడి సైడీ మీదకు మళ్లుతున్నది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో దాని ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, బయట ఊరిలో నివాసం దానికి అదనం. అమెరికాలో 1970లలో కనిపించిన మలుపు ఇదే: సీట్లు పెరిగాయి, ఖర్చు విద్యార్థి మీదకు వచ్చింది. అయితే విభాగం తన ఫలితాల పట్టికను అందరి ముందూ పెట్టవలసిన నియమం అక్కడ తరువాత వచ్చింది, అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇక్కడ ఆ పని చేరబోయే విద్యార్థే చేయాలి. ఏ ఆసుపత్రిలో ఎన్ని గంటల శిక్షణ, ఎవరి పర్యవేక్షణ, గత బ్యాచ్‌లో ఎంతమందికి సీఆర్‌ఆర్ నంబరు వచ్చింది అని అడిగితే సమాధానం రాతపూర్వకంగా ఇచ్చే సంస్థకూ, ‘అవన్నీ చేరాక చూసుకుందాం’ అనే సంస్థకూ ఉన్న తేడా ఏ ర్యాంకులోనూ కనిపించదు.

ఆర్‌సీఐ ఆమోదం శాశ్వతం కాదు. అది ఒక సంస్థకు, ఒక కోర్సుకు, కొన్ని విద్యాసంవత్సరాలకు, ఇన్ని సీట్లకు అని వస్తుంది. గడువు తీరితే పొడిగింపు కావాలి. అందువల్ల అడ్వాన్సు కట్టే ముందు చూడవలసిన కాగితం కళాశాల బ్రోచరు కాదు, ఆ ఆమోద పత్రం. అందులో చూడవలసినవి తాను చేరబోయే కోర్సు పేరు, తన బ్యాచ్ విద్యాసంవత్సరం, మంజూరైన సీట్ల సంఖ్య.