డమ్‌ఫ్రీస్ హౌస్: అపోహలు - వాస్తవాలు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా పని. స్కాట్లాండ్ దొరల బంగళాల గురించి మనవాళ్లు అడిగేవాటిలో చాలావాటికి డమ్‌ఫ్రీస్ హౌస్ ఒక్కటి చూపించి జవాబు చెప్పొచ్చు.

అపోహ: అది డమ్‌ఫ్రీస్ ఊళ్లో ఉంది.

లేదు. ఎయిర్‌షైర్‌లో కమ్నాక్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. కట్టించినాయన ఐదో ఎర్ల్ ఆఫ్ డమ్‌ఫ్రీస్. ఇంటికి ఆయన బిరుదే పేరైంది. మ్యాప్‌లో పేరు చూసి బయల్దేరితే వేరే ఊరికి చేరతారు!

అపోహ: ఇది పేరున్న వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ కట్టిన ఇల్లు, అందుకే లోపలంతా 'ఆడమ్ శైలి'.

సగమే నిజం. పని ఒప్పుకున్నది ఆడమ్ సోదరులు: జాన్, రాబర్ట్, జేమ్స్. 1754 జులైలో శంకుస్థాపన జరిగింది. ఆ శరదృతువులోనే రాబర్ట్ ఇటలీ ప్రయాణం కట్టాడు, తిరిగొచ్చింది 1758లో. ఇల్లు 1759కి పూర్తయింది. అంటే గోడలు లేస్తున్నప్పుడు ఆయన రోమ్‌లో శిథిలాల బొమ్మలు గీసుకుంటున్నాడు. ఇక్కడ పని నడిపించింది పెద్దన్న జాన్. ఆడమ్ శైలి అని మనం పిలిచే పల్చటి రోమన్ నగిషీ ఆ ప్రయాణం తర్వాతి సంగతి. ఇక్కడి పైకప్పుల గారపని చూడండి, తీగలు మెలికలు తిరిగే రొకోకో, అంటే ఆడమ్ శైలికి ముందటి అలంకారాల శైలి. పేరున్న తమ్ముడికే మొత్తం కట్టబెట్టడం జాన్‌కు అన్యాయమని నాకనిపిస్తుంది.

అపోహ: ఫర్నిచర్ అంతా చిప్పెన్‌డేల్‌దే.

చిప్పెన్‌డేల్ అంటే ఆ కాలంలో లండన్‌లో పేరుమోసిన ఫర్నిచర్ తయారీదారు. ఆయనవి చాలా ఉన్నాయి, నిజమే. కానీ అలెగ్జాండర్ పీటర్ లాంటి ఎడిన్‌బరో వడ్రంగులు చేసినవీ ఉన్నాయి.

అపోహ: వంశంవాళ్లు జాగ్రత్తగా కాపాడబట్టే చెక్కుచెదరలేదు.

ఎర్ల్ 1768లో వారసుడు లేకుండా పోయాడు. తర్వాత ఇల్లు బ్యూట్ మార్క్విస్‌లనే మరో దొరల వంశం చేతికి వచ్చింది. వాళ్లకు మౌంట్ స్టూవర్ట్, కార్డిఫ్ కోట లాంటి వేరే నివాసాలు ఉండటంతో వాళ్లు ఇక్కడ కాపురమున్నది తక్కువ. వాడకం లేకపోవడమే చాలావరకు కాపాడింది. 1890లలో రాబర్ట్ వీర్ షుల్ట్స్ అనే వాస్తుశిల్పి పక్క భాగాలను పెంచాడు కాబట్టి 'చెక్కుచెదరలేదు' అన్నదీ పూర్తిగా సరికాదు. 2007లో సామాను వేలానికి లండన్ బయల్దేరింది కూడా. అప్పటి ప్రిన్స్ చార్లెస్ కూడగట్టిన 4.5 కోట్ల పౌండ్లతో ఇల్లూ సామానూ కలిపి కొనడంతో లారీలు వెనక్కి తిరిగాయి.

అపోహ: ఇలాంటి ఇళ్లలో మూసేసిన కిటికీలన్నీ పన్ను తప్పించుకోవడానికే.

కిటికీ పన్ను ఉండేది, 1851లో ఎత్తేశారు. కానీ చాలాచోట్ల రెండు వైపులా సరిసమానంగా కనబడాలని మొదట్నుంచే ఉత్తుత్తి కిటికీ పెట్టారు. ఆ గూడు వెనక పొగగొట్టం ఉంటే అక్కడ కిటికీ ఎప్పుడూ లేనట్టే.

అపోహ: సిమెంటు పూస్తే పాత రాతిగోడ గట్టిపడుతుంది.

నాకు టెన్షన్ తెప్పించే మాట ఇదే. మన డంగు సున్నం లాగే అక్కడి పాత గోడల అతుకుల్లోనూ సున్నమే. తడి ఆ సున్నం గుండా బయటికి పోతుంది. సిమెంటు దాన్ని అడ్డుకుంటే తడి రాతిలోకి మళ్లుతుంది, చలికి గడ్డకడుతుంది, ఇసుకరాయి ముఖం పొరలుగా ఊడుతుంది. అందుకే పాత సిమెంటును ఉలితో నెమ్మదిగా తీయిస్తాను. గ్రైండర్‌ను గోడ దగ్గరికి రానివ్వను.